ఐమూలగా ఏడు గళ్ళు

పెళ్ళయిన మూడేళ్ళ దాకా మా మావగారి మొహం నేను సరిగ్గా చూడలేదు. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. రెండు గదుల క్వార్టర్లో, పొద్దుటి కాఫీ దగ్గర్నుంచి రాత్రి మజ్జిగ దాకా నా చేత్తో పెట్టింది తిన్న మనిషి మొహం చూడకపోవడమేమిటని. కానీ ఆ ఇంటి పద్ధతి అది. ఆయన తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో చేరడానికి బిలాస్‌పూర్ వచ్చినప్పుడు పెట్టెలో ఇంకేం తెచ్చుకున్నారో తెలీదు గానీ, కోడలు మావగారి ఎదుట తలెత్తకూడదు, నేరుగా మాట్లాడకూడదు అన్నది మాత్రం భద్రంగా తెచ్చుకున్నారు. పార్వతీపురంలో మా ఇంట్లో ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. మా అమ్మ మా తాతగారితో ఎదురుగా నిలబడి పోట్లాడేది కూడాను. బిలాస్‌పూర్లో అది చెక్కుచెదరకుండా నాకోసం కాచుకుని కూచుంది.

ఆయనకేదైనా చెప్పాలంటే గుమ్మం పక్కన నిలబడి, తల వంచుకుని, గోడతో చెప్పినట్టు చెప్పాలి. "నీళ్ళు తోడి ఉన్నాయి." "భోజనం వడ్డించాను." ఆయన కూడా గాలికే జవాబిచ్చేవారు. "అచ్ఛా." అంతే మా మాటలు. మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఇంట్లో ఉన్నది మేం ముగ్గురం. మావగారు గార్డుగా చేసి రిటైరయ్యారు. మా ఆయన లోకో షెడ్డులో పని. ఆయన పుట్టిందీ పెరిగిందీ చదివిందీ ఇక్కడే, హిందీలో. మాట్లాడేది తెలుగే గానీ సగంలో హిందీలోకి దూకేస్తారు. తెలుగు చదవడం మాత్రం బొత్తిగా రాదు. అందుకే ఇదంతా ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

ఎనభైల చివరి మాట ఇది. నేను తెలుగు మెయిన్‌గా బి.ఏ. పాసై వచ్చాను. వచ్చిన ఊళ్ళో తెలుగు అక్షరం కనిపించే చోటు ఒక్కటే, మా ఇంట్లో గోడకున్న దేవుడి క్యాలెండరు. రెండు గదులు, వెనక వంటిల్లు, ముందు వరండా, వరండాకి చెక్క జాలీ. ఆ జాలీ కన్నాల్లోంచి ఎంత కనిపిస్తే అంతే నా బిలాస్‌పూర్. ఎదురు లైను క్వార్టర్లు, వాటి వెనక యార్డు, దాని మీద పొగ. ఊళ్ళోనే కుదుదండ్ పేటలో తెలుగువాళ్ళ పేరంటానికి ఏడాదికి రెండుసార్లు రిక్షాలో వెళ్ళేదాన్ని. మిగిలిన రోజులన్నీ ఒకే రోజు. బొగ్గునుసి తుడవడం, మళ్ళీ బొగ్గునుసి తుడవడం. నాకు సహజంగానే కోపం జాస్తి. ఆ కోపం చూపించడానికి కూడా అక్కడ చోటు లేదు. గిన్నెలు కాస్త గట్టిగా పెట్టడం ఒక్కటే నాకు చేతనైన తిరుగుబాటు.

ఆ ఇంట్లో నాకు ఊపిరి ఆడిన చోటు గళ్ళ నుడికట్టు. మావగారికి తెలిసిన గార్డు ఒకాయన రాయపూర్ నుంచి వచ్చేటప్పుడు తన లైన్ బాక్సులో, అంటే గార్డులు బండిలో వెంట తీసుకెళ్ళే పెట్టెలో, ఒక తెలుగు వారపత్రిక పెట్టి తెచ్చి ఇచ్చేవాడు. మాకు చేరేసరికి అది పది రోజుల పాతది. దాంట్లో వెనక పేజీలో ఉండే గళ్ళు మావగారికి ప్రాణం. నింపి పంపడానికి గడువు ఎప్పుడో దాటిపోయి ఉండేది కాబట్టి మేం ఎన్నడూ పంపింది లేదు. బహుమతి ఆశ లేకుండా అంత పట్టుదలగా గళ్ళు నింపిన మనుషులు ఇంకెక్కడైనా ఉంటే వాళ్ళకి నా నమస్కారం.

నేను వచ్చిన ఏడాదికి ఆయనకి చూపు మసకబారిందన్నారు. చిన్న అక్షరాలు ఆనడం లేదన్నారు. ఒక ఆదివారం పొద్దున్న పత్రిక చేత్తో పట్టుకుని వరండాలో కుర్చీలో కూచుని, "ఎవరైనా చదివితే బాగున్ను" అని జాలీతో అన్నారు. మా ఆయన నవ్వి, "నాకు కాలా అక్షర్ భైంస్ బరాబర్, నాన్నా. అక్షరమూ గేదే ఒకటే" అనేసి షెడ్డుకి వెళ్ళిపోయారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయన జాలీతోనే, "చదవడం మాటాడ్డం కాదు. దానికేటీ తప్పు లేదు" అన్నారు. అంత తేలిగ్గా తాతగారి కాలం నాటి చట్టానికి కన్నం పెట్టారు.

అలా మొదలైంది. నేను ఎర్ర గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసేదాన్ని, ఒక్కో గడి జానెడు. "పెద్దగా రాయి. ఇక్కడికి కనబడాల" అనేవారు. నేను ఆధారం చదివేదాన్ని, ఆయన జవాబు చెప్పేవారు, నేను ఒంగుని అక్షరాలు రాసేదాన్ని. వరండా సగం నిండిపోయేది. దానికి ఆయన ఒక నియమం పెట్టారు. అక్షరం సరస్వతి, తొక్కకూడదు. గళ్ళు చెరిపేదాకా ఇంట్లో ఎవరైనా సరే గోడ పట్టుకుని అంచునే నడవాలి. మా ఆయన షెడ్డు బూట్లతో గోడకి అతుక్కుని నడుస్తూ విసుక్కునేవారు. మావగారు కూడా గోడ మీద చెయ్యేసుకుని, అంచునే వెళ్ళి అంచునే వచ్చేవారు. చెప్పినది తాను కూడా చేసే మనిషి అని నాకు ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో.

గళ్ళ దగ్గర ఆయన వేరే మనిషి. వాదించేవారు, తిట్టేవారు. ఆధారం మోసంగా ఉంటే ఆయనకి పండగ. పైకి ఒక మాట చెబుతూ లోపల ఇంకోటి దాచినవాటిని, "వీడు గట్టివాడమ్మా" అని మెచ్చుకునేవారు. తేలిగ్గా ఉంటే, "ఇది ఇచ్చినోడికి సిగ్గుండాల" అనేవారు. నాకూ నోరు లేచేది. ఆ జవాబు కాదని, ఇదని, గచ్చు వంక చూస్తూ గట్టిగానే వాదించేదాన్ని. చదవడమే కదా, మాట్లాడడం కాదు. ఒక దీపావళి సంచికలో గళ్ళన్నీ దీపాలకీ నూనెకీ వత్తికీ సంబంధించిన మాటలే వచ్చాయి. అన్నీ నింపేశాక ఆయన కదలకుండా కూచుని, "ఇంకా ఏటో ఉన్నాదమ్మా. పై ఎడమ మూలనించి కింది కుడి మూలకి ఐమూలగా చదువు" అన్నారు. చదివితే శుభాకాంక్షలు. ఆ పత్రిక వాళ్ళు ఎక్కడా చెప్పకుండా దాచారు. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ఆ తర్వాత ప్రతి వారం ఏ మూలని ఏం దాగుందోనని ఇద్దరం వెతికేవాళ్ళం. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు.

ఇలా ఉండగా నాకు విజయనగరంలో తెలుగు పండిట్ ట్రైనింగులో సీటొచ్చింది. పెదనాన్న కూతురి పెళ్ళికి వెళ్ళినప్పుడు ప్రవేశపరీక్ష రాసొచ్చాను. రాసిన సంగతి మా అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. సీటు కాగితం అమ్మ తన ఉత్తరంలో మడిచి పెట్టి పంపింది. మూడు వారాల్లో వెళ్ళి చేరాలి. ఏడాది చదువు. అది అయితే నేను టీచర్నవుతాను. నా పేరుకి ఒక పనుంటుంది. ఆ కాగితం బియ్యం డబ్బాలో దాచి, రోజుకి పదిసార్లు మూత తీసి చూసుకున్నాను.

మా ఆయనతో చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, పిరికివాడు. వాళ్ళ నాన్నని జీవితంలో ఏదీ అడిగి ఎరగడు. "దేఖో, నాన్నతో నేను నై బోలూంగా. నువ్వే అడుక్కో. ఆయన సరే అంటే నాకేటి? ఏడాదే కదా, కేంటీన్లో తినీస్తాను" అన్నారు. నేను ఎలా అడగను? నాకు ఆయనతో మాటల్లేవు కదా, అంటే, "గళ్ళ కాడ అంత అరుస్తారు కదా ఇద్దరూ" అన్నారు. అది వేరు అని ఎంత చెప్పినా ఆయనకి బుర్రకెక్కలేదు.

సరే, పద్ధతి ప్రకారమే ప్రయత్నించాను. గుమ్మం పక్కన నిలబడి గోడతో, "మా అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. విజయనగరంలో..." అన్నాను. "అచ్ఛా. అందరూ కులాసాయేనా?" అన్నారాయన గాలితో. కులాసాయేనని చెప్పి వంటింట్లోకి వచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ వారం పత్రిక తెచ్చే గార్డు సెలవు మీద వెళ్ళాడు, పత్రిక రాలేదు. మా ఆయన ఆ కబురు వంటింట్లో నాతో అన్నారే గానీ మావగారికి చెప్పలేదు. నాకు మెరుపులా తట్టింది. గళ్ళు నేనే కడతాను. మావగారే నేర్పారు కదా ఏ మూల చూడాలో.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. మా ఆయన షెడ్డు నుంచి తెచ్చే పాత ఫారాల వెనక గళ్ళు గీసి, కొట్టేసి, మళ్ళీ గీశాను. ఏడు నిలువు, ఏడు అడ్డం. రైలు సంగతులే అన్నీ, ఎందుకంటే మావగారికి ఇష్టం, నాకు ఆ ఇంట్లో ఇంకేమీ తెలియదు. మొదటి వరస మొదటి గడిలో చ, రెండో వరస రెండో గడిలో దు, అలా మెట్లు దిగినట్టు దిగి ఏడో వరస ఏడో గడిలో డి. కలిపి చదివితే, చదువుకు పంపండి. అడ్డం మాటలు చక్కగా కుదిరాయి గానీ నిలువు మాటలు ఎంత చచ్చినా కుదరలేదు. గళ్ళు కట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అన్నాళ్ళూ ఆయనతో కలిసి ఆ పత్రికవాళ్ళని తిట్టినందుకు లెంపలేసుకున్నాను. చివరికి నిలువు వదిలేశాను.

ఆదివారం పొద్దున్న పాత పత్రికలో ఆ ఫారం పెట్టుకుని వరండాలో కూచున్నాను. సుద్దముక్కతో గళ్ళు గీశాను.

"ఈసారి అడ్డాలేనట. నిలువు ఇవ్వలేదు" అని గచ్చుతో చెప్పాను.

"నిలువు లేదా?" అన్నారాయన. కాస్త ఆగి, "అచ్ఛా. చదువు" అన్నారు.

"అడ్డం ఒకటి, రెండు అక్షరాలు. తిరగడమే దీని పని, ఊరు చూసింది లేదు."

"చక్రం."

"అడ్డం రెండు, మూడు అక్షరాలు. నిద్రపోయేవాడి తల ఒప్పుకోనిది, గార్డు ఒంటికి అలవాటైనది."

నవ్వారు. "కుదుపు. గార్డు సంగతి వీళ్ళకెలా తెలిసిందో."

"అడ్డం మూడు, మూడు అక్షరాలు. అడిగినవాడికి దొరకదు, దొరికినవాడికి చాలదు."

"సెలవు. ఇది రాసినోడు రైల్వేలోనే పని చేసుంటాడమ్మా." ఆయన హుషారు చూసి నాకు ధైర్యం వచ్చింది. టిక్కెట్టు లేకుండా పోతుంది, టీసీ అడగడు అంటే సరుకు అన్నారు. అందరికీ తాగిస్తుంది, తాను తాగదు అంటే ప్లాట్‌ఫారం మీది పంపు అన్నారు. ఆరోది చదివాను. "మూడు చేతులు, ఎంత తిరిగినా చెమట పట్టదు."

ఆయన జవాబు చెప్పలేదు. పంకా అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. తల వంచుకుని ఆయన పాదాలే చూస్తున్నాను. కుడికాలి వేళ్ళు నేలకేసి నొక్కుకున్నాయి. యార్డులో ఏదో బండి షంటింగు చేస్తున్న చప్పుడు. చాలాసేపటికి, "పంకా" అన్నారు, మెల్లిగా. ఏడోది చదివాను, అందరినీ ఎక్కించుకుంటుంది, గుమ్మం ముందు నిలబడ్డ మనిషిని తప్ప. "రైలుబండి" అన్నారు వెంటనే. ఆ డి రాసి, సుద్దముక్క కింద పెట్టాను. ఐమూలగా ఏడు అక్షరాలు జానెడేసి పొడుగున ఎర్ర గచ్చు మీద తెల్లగా ఉన్నాయి. అంతకంటే గట్టిగా నేను అరవలేను.

"అయిపోనాది కదా. తుడిచీ" అన్నారాయన.

అన్నాళ్ళలో ఎప్పుడూ ఆయన గళ్ళు వెంటనే తుడవమనలేదు. సాయంత్రం దీపం పెట్టేదాకా ఉండాల్సిందే. నేను బాల్చీ తెచ్చి, తడిగుడ్డ పెట్టి, నా ఏడు అక్షరాలూ నేనే తుడిచాను. కళ్ళనీళ్ళు గచ్చు మీద పడితే వాటినీ తుడిచాను. ఆయన గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం మా ఆయన వచ్చి, "అడిగేవా?" అన్నారు.

"అడిగాను."

"ఏటన్నారు?"

"తుడిచేయమన్నారు" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు.

ఆ వారమంతా నాకు కడుపు మండిపోయింది. పంపను అంటే ఒక బాధ. అడిగిన మాట వినపడనట్టు చెరిపించేయడం ఏమిటి? పప్పులో ఉప్పు తక్కువేశాను, కావాలనే. ఆయన ఏమీ అనకుండా తిన్నారు. దాంతో ఇంకా మండింది.

ఆ తర్వాతి ఆదివారం అసలు పత్రిక వచ్చింది. పొద్దున్నుంచీ కుంభవృష్టి. వరండా రేకు మీద వాన చప్పుడుకి మాట మాటకీ అరవాల్సి వస్తోంది. నేను మొక్కుబడిగా గళ్ళు గీశాను. ఆధారాలు చదివాను. ఆయన జవాబులు చెబుతున్నారు. రెండు మూడు రాశాక నాకు హఠాత్తుగా, నేనెందుకు రాయాలి అనిపించింది. నా అక్షరాలకి విలువ లేని చోట ఈయన అక్షరాలు నేనెందుకు రాయాలి? సుద్దముక్క చేతిలో పట్టుకుని ఊరికే కూచున్నాను. తిడతారేమో, తిట్టనీ. ఈ రోజు తాడో పేడో తేలిపోవాలి అనుకున్నాను.

ఆయన తిట్టలేదు. "దాని కింద గడిలో మ వచ్చింది కదా, కాబట్టి నిలువు నాలుగు మొదలు మ" అన్నారు. అక్కడ మ లేదు. ఏమీ లేదు. నేను తరువాతి ఆధారం చదివాను. చెప్పారు. రాయలేదు. అలా ఇరవైకి పైగా మాటలు. అన్నీ అయ్యాక ఆయన కుర్చీలోంచి ముందుకి ఒంగి, ఖాళీ గళ్ళ వంక చూస్తూ, "ఈవారం నీ చేతిరాత ఎంత బాగున్నాదమ్మా. ముత్యాల్లాగున్నాయి" అన్నారు.

అప్పుడు తలెత్తాను. మూడేళ్ళలో మొదటిసారి మావగారి మొహం చూశాను. చెంపల మీద గడ్డం నెరిసి, అక్కడక్కడా గీసుకోవడం తప్పిపోయి ఉంది. చిన్నగా నవ్వుతున్నారు. ఆయన కళ్ళు గళ్ళ మీద లేవు. నా పక్కనుంచి, జాలీకి ఆనించిన గొడుగు వైపు తిరిగి ఉన్నాయి. ఆ కళ్ళలో చూపన్నది లేదు.

నాకెంత తెలివి ఉందనుకున్నానో! కోడలు తలెత్తకూడదన్న ఇంట్లో, కోడలికి మాత్రం దొరకకుండా ఏదైనా దాచుకోవచ్చు. మా ఆయనకి తండ్రి కళ్ళలోకి చూసే ధైర్యం లేదు, నాకు చూసే హక్కు లేదు. అలా ఆ మనిషి మా ఇద్దరి మధ్యా నిక్షేపంగా గుడ్డివాడయ్యాడు. గోడ పట్టుకుని నడవడం, అక్షరాలు తొక్కకూడదనే నియమం, సరస్వతి, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అందరినీ గోడ పట్టుకుని నడిపిస్తే తాను గోడ పట్టుకోవడం ఎవరికీ వింతగా ఉండదు. సుద్దతో గీసిన ఆ గళ్ళు ఆయన ఎన్నడూ చూడలేదు. మొత్తం బుర్రలోనే గీసుకుని బుర్రలోనే నింపుకున్నారు.

ఆ రోజంతా నా మనసు రెండు రకాలుగా కొట్టుకుంది. ఆయనకి కనబడదు కాబట్టి నేను రాసింది చూడలేదు, కాబట్టి కాదనలేదు. ఈ ఆలోచన నాకు చాలా కావలసి వచ్చింది, గట్టిగా పట్టుకున్నాను. రెండోది భయం. మంచినీళ్ళ చెంబు ఎప్పుడూ కుర్చీకి కుడివైపు పెట్టేది నేను. చెప్పులు గడప పక్కన ఒకే చోట పెట్టేది నేను. నాకు శుభ్రం పిచ్చి కాబట్టి పెట్టాను, ఆయన దాని మీద బతికారు. నేను ఏడాది పాటు వెళ్ళిపోతే?

మా ఆయనకి చెప్పేస్తే నేను బయటపడతాను. ఆ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. రాయగఢ్‌లో మా ఆడపడుచు ఉంది, అక్కడికి పంపించేస్తారు, నేను విజయనగరం బండెక్కేస్తాను. బుధవారం మా ఆయన బూట్లు వేసుకుంటుంటే చెప్పడానికే వరండాలోకి వచ్చాను. అదే సమయానికి మావగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని స్టేషన్ టీ బడ్డీకి బయల్దేరుతున్నారు. రోజూ వెళ్ళేవారు. అక్కడ అందరూ గార్డ్ సాబ్ అని లేచి చోటిచ్చేవారట. ఇంట్లో కూచునే ఏ బండి ఉస్లాపూర్ వైపు పోయిందో, ఏది గతౌరా వైపు పోయిందో చప్పుడుని బట్టి చెప్పే మనిషి, అక్కడ కూచుని కనబడుతున్నట్టే కబుర్లు చెబుతున్నారన్నమాట. గేటు దాటి, ఒక్క తడబాటు లేకుండా, మెడ నిటారుగా పెట్టుకుని వెళ్ళిపోయారు. నేను మా ఆయనతో, "టిఫిన్ డబ్బా మర్చిపోతున్నారు" అన్నాను.

చేరాల్సిన ఆఖరి రోజుకి ఒక్క రోజుంది. ఆ రాత్రి బండి పట్టుకుంటేనే మర్నాటికి చేరతాను. మధ్యాహ్నం మా ఆయన డ్యూటీలో ఉన్నారు. మావగారు వరండాలో కూచుని ఉన్నారు. నేను గుమ్మం దాటి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"మావయ్యగారూ, మీకు కళ్ళు కనబడవు కదా?"

ఆయన మొహం నా వైపు తిరిగింది. గోడతో కాకుండా నేను మాట్లాడడం ఆయనకీ కొత్తే. "ఎవులికి చెప్పేవు?" అన్నారు.

"ఎవరికీ చెప్పలేదు."

"మీ ఆయనికి?"

"చెప్పలేదు."

ఆయన చేతులు కుర్చీ చేతుల మీద సడలాయి. "చెప్పకు తల్లీ. నరం ఎండిపోయిందన్నాడు డాక్టరు. రెండేళ్ళయింది. ముప్పయ్యేళ్ళ సర్వీసులో కళ్ళ పరీక్షలో ఒక్కసారి తప్పలేదు నేను. ఇప్పుడు గార్డ్ సాబ్ గుడ్డోడైపోనాడని అక్కడ చెప్పుకుంటే వినలేనమ్మా. వీడికి తెలిస్తే మంచం మీద కూచోబెట్టీస్తాడు."

"చెప్పను" అన్నాను. చెప్పను అన్నాక ఇంకేం చెయ్యాలో తెలియలేదు. లోపలికి తిరగబోయాను.

"ఆవేళ గళ్ళు నువ్వే కట్టేవు కదా" అన్నారాయన.

వెనక్కి తిరిగాను.

"నిలువు లేదన్నప్పుడే తెలిసిపోనాది. ఆరోదాని కాడికొచ్చేసరికి నువ్వేటి అడుగుతున్నావో కూడా తెలిసింది. బాగా కట్టేవమ్మా. ఆ సెలవు ఆధారం అయితే ఆ పత్రికోళ్ళు కూడా కట్టలేరు."

"మరి తుడిచేయమన్నారెందుకు?" అన్నాను.

"భయమేసింది. నువ్వు లేకపోతే నేను రెండ్రోజుల్లో బయటపడిపోతాను."

అంతే. దాచుకోలేదు, దబాయించలేదు. తప్పు చేసిన పిల్లాడిలా చెప్పేశారు. నేనింతసేపూ గట్టిగా పట్టుకున్న ఆలోచన, ఆయన నా మాట చూడనేలేదన్న ఆలోచన, చేజారి కింద పడింది. చూశారు. నా వాక్యం మొత్తం బుర్రలో పెట్టుకుని, నాచేతే చెరిపించారు. కోపం వచ్చింది, జాలేసింది, రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు.

"ఆఖరి తేదీ ఎప్పుడు?" అన్నారు.

"రేపు."

"అచ్ఛా" అన్నారు.

బొగ్గు బండి ఒకటి గతౌరా వైపు నుంచి వచ్చి పోయింది. అది పోయేదాకా నేనక్కడే నిలబడ్డాను. అయ్యాక కూడా నిలబడ్డాను. ఆయన ఇంకేదో అంటారని కాచుకున్నాను. ఆయనకి తెలుసు నేను కాచుకున్నానని. పెదవులు ఒకసారి కదిలాయి కూడాను. తర్వాత చెంబు కోసం కుడివైపు చెయ్యి చాపారు. అది ఉండవలసిన చోటే ఉంది.

నేను వెళ్ళలేదు. తరువాతి ఆదివారం పత్రిక రాగానే గళ్ళు గీసి, అడ్డం ఒకటి చదివాను. ఇంకో అయిదేళ్ళు చదివాను. నేరుగానే మాట్లాడుకునేవాళ్ళం ఇద్దరం ఉన్నప్పుడు, మా ఆయన ఉంటే మళ్ళీ గోడతో. ఐమూలగా ఏదైనా ఉందేమో చూడమని మాత్రం ఆయన మళ్ళీ ఎప్పుడూ అనలేదు. నేను మళ్ళీ పరీక్ష రాయలేదు. మావగారు పోయినప్పుడు కాలనీలో అందరూ ఆఖరి దాకా ఆయన ఎంత చురుగ్గా ఉండేవారో చెప్పుకున్నారు. కోడలు కూడా కూతురిలా చూసుకుందని అన్నారు. నేను తల వంచుకుని విన్నాను.

ఆ మధ్యాహ్నం ఆయన వెళ్ళమ్మా అని ఒక్క మాట అని ఉన్నా నేను వెళ్ళేదాన్ని కాదు, కానీ ఆ ఉండిపోవడం నా అంతట నేను ఎంచుకున్నదయ్యేది. ఆ ఒక్క మాట అననందుకు ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.